సంకేతపదము: వెబ్ సర్వరు వాకిట కావలి చరిత్ర

కోటకు గోడ కట్టినవాడు ద్వారము పెట్టక తప్పదు. ద్వారము పెట్టినవాడు కావలివానిని నిలుపక తప్పదు. కావలివాని పని పైకి సులువుగా తోచును. వచ్చినవాడు మనవాడైనచో లోనికి విడుచుట, కానిచో వెనుకకు పంపుట, ఇంతియే గదా అనిపించును. కాని వచ్చినవాని ముఖము కనబడక, కంఠము వినబడక, వాడు పంపిన కొన్ని అక్షరములు మాత్రమే కావలివాని చేతికి అందినప్పుడు ఈ పని ఎంత కష్టమో ఆలోచింపుడు. కంప్యూటరు శాస్త్రజ్ఞులు అరువది ఏండ్లకు పైగా ఈ చిక్కుతోనే పెనగులాడుచున్నారు.

ఇప్పుడు ఒక విద్యార్థి తన పాఠశాల వెబ్ పుట తెరచి, పేరును, పాస్‌వర్డు అను సంకేతపదమును టైపు చేసి, తన మార్కులు చూచుకొనుచున్నాడనుకొందము. ఆ తెరవెనుక సాధారణముగా మూడు అంగములుండును. మొదటిది వెబ్ సర్వరు; ఇది వాకిట నిలిచి వచ్చిన అభ్యర్థనలను అందుకొనును. రెండవది లోపల కూర్చున్న గుమాస్తా వంటి అప్లికేషను. ఇది పైథాను భాషలో వ్రాసిన ప్రోగ్రాము కావచ్చును. మూడవది వినియోగదారుల పట్టిక. ఈ మూడింటిలో ఎవరు ఎవరిని నమ్మవలెను? ఎంతవరకు నమ్మవలెను? ఎవరికి ఏ రహస్యము తెలిసియుండవలెను? ఈ ప్రశ్నలకు సమాధానములు ఒక్కనాట పుట్టినవి కావు. పొరపాట్లు జరిగిన కొలదిని ఒక్కొక్కటిగా లభించినవి.

ఒక యంత్రము, అనేకులు

1950 ప్రాంతములలో కంప్యూటరు ఒకసారి ఒకరి పని మాత్రమే చేసెడిది. లెక్క కావలసినవాడు తన ప్రోగ్రామును రంధ్రముల కార్డులపై ఎక్కించి, కార్డుల కట్టను యంత్రశాలలో ఇచ్చి, ఫలితము కొరకు గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. ఆ దశలో సంకేతపదముతో పనియే లేదు. యంత్రము గదిలో ఉన్నది; గదికి తాళమున్నది; అంతియే.

అమెరికాలోని మాసచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో అను శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని మార్చదలచెను. యంత్రము మిక్కిలి వేగముగా పనిచేయును, మనుష్యుడు నెమ్మదిగా టైపు చేయును. కావున యంత్రకాలమును చిన్న చిన్న తునకలుగా కోసి పలువురికి వంతులవారీగా పంచినచో, ప్రతివానికిని యంత్రమంతయు తనదే అన్న భావన కలుగును. దీనినే కాలవిభజన పద్ధతి అందురు. 1961 నవంబరులో ఐ.బి.ఎం. 709 యంత్రముపై ఈ పద్ధతిని ప్రదర్శించిరి. దీనికి సి.టి.ఎస్.ఎస్. అని పేరు.

ఒకే యంత్రములో అనేకుల పత్రములు నిలువ ఉన్నప్పుడు, ఒకరి పత్రములు వేరొకరు చూడకుండుటకును, ఒకరి వంతు కాలమును వేరొకరు వాడుకొనకుండుటకును ఏదో ఒక కట్టుబాటు కావలెను. కార్బటో బృందము ఎంచుకొన్న సాధనము సంకేతపదము. చౌకయైనది, ప్రత్యేక యంత్రమేదియు అక్కరలేనిది. కాని ఆ సంకేతపదములన్నియు ఉన్నవి ఉన్నట్లుగనే ఒక పట్టికలో వ్రాయబడియుండెను. అక్కడనే చిక్కు వచ్చినది.

ఆ విద్యాసంస్థలోనే అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి ఉండెను. ఆయనకు కేటాయించిన యంత్రకాలము వారమునకు 4 గంటలు. ఆయన పరిశోధనకు అది చాలలేదు. పత్రము పేరు కార్డుపై రంధ్రములుగా పొడిచి ఇచ్చినచో, యంత్రశాలవారు ఆ పత్రమును అచ్చువేసి ఇచ్చు ఏర్పాటు అప్పుడుండెను. 1962 లో షెర్ ఆ ఏర్పాటును ఉపయోగించి సంకేతపదముల పట్టికనే అచ్చు వేయించుకొనెను. పిదప ఇతరుల పేరున లోనికి ప్రవేశించి తన లెక్కలు సాగించెను. ఈ సంగతిని ఆయన సుమారు పాతికేండ్ల తరువాత బయటపెట్టెను. సంకేతపదము పుట్టిన మరుసటి యేడే దాని దొంగతనము కూడ పుట్టినదన్న మాట.

దొంగ లేకుండనే రహస్యము బట్టబయలైన సంఘటన కూడ ఆ యంత్రముపైననే జరిగినది. 1960 దశాబ్దపు నడిమి కాలములో ఒకనాడు, లోనికి ప్రవేశించిన ప్రతివానికిని కనబడు నాటి ప్రకటనను ఒక నిర్వాహకుడు సవరించుచుండెను. అదే సమయమున వేరొక నిర్వాహకుడు సంకేతపదముల పట్టికను సవరించుచుండెను. సవరణ ప్రోగ్రాము ఇద్దరి తాత్కాలిక ప్రతులకును ఒకే పేరు పెట్టుటచే ఆ ప్రతులు తారుమారైనవి. ఆపైన లోనికి వచ్చిన వారందరికిని ప్రకటనకు బదులు అందరి సంకేతపదములును కనబడినవి! 1990 సంవత్సరపు ట్యూరింగు పురస్కారము పొందిన సందర్భమున చేసిన ఉపన్యాసములో కార్బటోయే ఈ ఉదంతమును చెప్పెను. పట్టికకు ఎన్ని తాళములు వేసినను, అది తెరచియున్న భాషలో ఉన్నంతకాలము ఒక్క పొరపాటు చాలును.

పారాణి న్యాయము

అట్లయినచో సంకేతపదమును దాచకయే దానిని సరిచూచుట సాధ్యమా? సాధ్యమేనని ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన రోజరు నీధాం, ఆయన సహచరులు 1960 దశాబ్దపు ద్వితీయార్ధమున నిరూపించిరి. టైటాన్ అను యంత్రముపై వారు అమలుపరచిన ఉపాయమును మారిస్ విల్క్స్ 1968 లో వెలువడిన తన గ్రంథములో వివరించెను.

ఆ ఉపాయమునకు మూలము ఏకముఖ ప్రమేయము. పసుపులో సున్నము కలిపిన పారాణి ఎర్రబడును. ఎవరు కలిపినను, ఎప్పుడు కలిపినను అదే ఎరుపు వచ్చును. కాని ఆ ఎరుపును చేతబట్టుకొని మరల పసుపును, సున్నమును వేరుచేయుట ఇంటివారి తరము కాదు. గణితములోను ఇట్టివి కలవు. 1,009 ని 1,013 తో గుణించుట ఉన్నత పాఠశాల విద్యార్థికి ఒక నిమిషపు పని, 10,22,117 వచ్చును. కాని ఈ చివరి సంఖ్యను మాత్రమే ఇచ్చి, దీని కారణాంకములేవని అడిగినచో అతడు చాలసేపు శ్రమపడవలెను. ముందునకు సులభము, వెనుకకు దుర్లభము: ఇదియే ఏకముఖ ప్రమేయ లక్షణము.

కావున పట్టికలో సంకేతపదమును వ్రాయక, దానిని ఏకముఖ ప్రమేయములో వేయగా వచ్చిన ఫలితమును మాత్రమే వ్రాయవలెను. దీనిని మనము ముద్ర అందము. వినియోగదారుడు వచ్చి సంకేతపదము చెప్పినప్పుడు, దానిని మరల అదే ప్రమేయములో వేసి, వచ్చిన ముద్రను పట్టికలోని ముద్రతో పోల్చవలెను. రెండును ఒకటియైనచో లోనికి విడువవలెను. ఇపుడు పట్టిక దొంగ చేతబడినను వానికి దొరకునది పారాణియే గాని పసుపు కాదు.

1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు యూనిక్సు అను నిర్వహణ వ్యవస్థకు అంకురార్పణ చేసిరి. యూనిక్సులోను ముద్రలే నిలువ చేయబడినవి. ఐతే తొలుత వాడిన ప్రమేయము రెండవ ప్రపంచయుద్ధములో అమెరికా సైన్యము వాడిన ఎం-209 అను గూఢలిపి యంత్రమునకు అనుకరణము. అది మరీ వేగముగా పనిచేసెడిది. వేగము కావలివానికెంత మేలో దొంగకును అంతే మేలు. దొంగ ముద్రను వెనుకకు త్రిప్పలేకపోవచ్చును. కాని ఒక్కొక్క పదమును ఊహించి, దాని ముద్ర కట్టి, పట్టికతో పోల్చుచు పోవచ్చును గదా!

రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఈ ప్రమాదమును లెక్కకట్టి 1979 నవంబరులో ఒక పత్రము ప్రకటించిరి. వారు 3,289 సంకేతపదములను సేకరించి పరిశీలించిరి. అందులో 15 ఒంటి అక్షరములు, 72 రెండక్షరములవి, 464 మూడక్షరములవి, 477 నాలుగక్షరములవి. అయిదారు అక్షరములవి, నిఘంటువులలోను పేర్ల జాబితాలలోను దొరకునవి కూడ కలుపగా మొత్తము 2,831 సులభముగా పట్టుబడదగినవని తేలినది. అనగా నూటికి 86 వంతులు. మూడు చిన్న ఆంగ్లాక్షరములతో ఏర్పడు పదములు 26 × 26 × 26, అనగా 17,576 మాత్రమే. ఇన్ని పదములను ప్రయత్నించుట యంత్రమునకు లెక్కయే కాదు.

వారు రెండు చికిత్సలు చెప్పిరి. మొదటిది, ముద్ర కట్టు పనిని కావలెనని నెమ్మది చేయుట; 1977 లో అమెరికా ప్రభుత్వ ప్రమాణమైన డి.ఇ.ఎస్. గూఢలిపి పద్ధతిని 25 మారులు వరుసగా ప్రయోగించిరి. రెండవది ఉప్పు కలుపుట. ప్రతి సంకేతపదమునకును 4,096 విధములలో యాదృచ్ఛికముగా ఎన్నుకొన్న ఒక చిన్న సంఖ్యను చేర్చి ముద్ర కట్టుదురు. ఆ సంఖ్యను ముద్ర ప్రక్కనే బహిరంగముగా వ్రాసియుంచెదరు. దీనికే ఉప్పు అని పేరు. దీనివలన ఇద్దరు ఒకే సంకేతపదము పెట్టుకొన్నను సామాన్యముగా వారి ముద్రలు వేరుగా నుండును. దొంగ ముందుగా ముద్రల నిఘంటువు తయారు చేసికొనదలచినచో ఒక్కొక్క పదమునకు 4,096 ముద్రలు కట్టవలసి వచ్చును.

వెబ్బు వచ్చినది, మతిమరుపు తెచ్చినది

1989 మార్చిలో జెనీవా దగ్గరనున్న సెర్న్ అణుభౌతిక పరిశోధన సంస్థలో టిం బెర్నర్స్-లీ ఒక ప్రతిపాదన వ్రాసెను. 1990 చివరికి మొదటి వెబ్ సర్వరు, మొదటి బ్రౌజరు పనిచేయసాగినవి. 1993 ఏప్రిల్ 30 న సెర్న్ సంస్థ ఈ విద్యను లోకమునకు ఉచితముగా ధారపోసెను.

మొదటి వెబ్ సర్వరు చేసిన పని గ్రంథాలయ సేవకుని పనియే: ఫలాని పుట ఇమ్మన్న వెంటనే తెచ్చి ఇచ్చుట. ఐతే అడిగినవాని కొరకు అప్పటికప్పుడు లెక్కకట్టి పుట తయారుచేయవలెనన్న ఎట్లు? ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములోని ఎన్.సి.ఎస్.ఎ. కేంద్రములో రాబ్ మెక్‌కూల్ వ్రాసిన సర్వరు పరిసరములలో 1993 లో ఒక ఒడంబడిక ఏర్పడినది. దాని పేరు సి.జి.ఐ. సర్వరు ఒక ప్రోగ్రామును నడిపించి, అభ్యర్థన వివరములను కొన్ని పరిసర చరరాశులలో నింపి ఇచ్చును. ప్రోగ్రాము పుటను తయారుచేసి సర్వరు చేతికిచ్చును. ఆ చరరాశులలో ‘రిమోట్ యూజర్’ అనునది ఒకటి. వాకిట కావలివాడు సంకేతపదము సరిచూచి, లోపలి గుమాస్తాకు "ఈ వచ్చినది ఫలానివాడు" అని పేరు మాత్రమే చెప్పును. సంకేతపదము లోపలికి పోదు. ఒకే యంత్రముపై పలువురి ప్రోగ్రాములు నడచుచున్నప్పుడు ఒకరి ప్రోగ్రాము వచ్చినవారి సంకేతపదములను కాజేయకుండుటకు ఈ జాగ్రత్త తోడ్పడినది. ఇది మంచి శ్రమవిభజన.

ఎన్.సి.ఎస్.ఎ. సర్వరును పలువురు ప్రోగ్రామరులు తమ తమ సవరణలతో బాగుచేసుకొనుచుండిరి. ఆ సవరణలను ఒకచోట కూర్చి 1995 లో అపాచి సర్వరును వెలువరించిరి. అపాచి వాడిన సంకేతపదముల పట్టికలో ఒక్కొక్క పంక్తికి ఒక పేరు, ఒక ముద్ర ఉండును. తొలినాళ్ళలో ఆ ముద్ర మోరిస్, థాంప్సన్‌ల యూనిక్సు ముద్రయే. బెల్ ప్రయోగశాలలో పుట్టిన ఉపాయము వెబ్బు వాకిట కావలికి ఆ విధముగా వారసత్వముగా వచ్చినది.

కాని ఒక పెద్ద లోపము మిగిలిపోయినది. పట్టికలో దాచినప్పుడు ముద్ర ఉన్నది సరే; దారిలో సంగతి ఏమి? 1996 మే నెలలో ప్రకటింపబడిన హెచ్.టి.టి.పి. 1.0 వివరణ పత్రములో ‘బేసిక్’ అను ధ్రువీకరణ పద్ధతి కలదు. దానియందు బ్రౌజరు పేరును, సంకేతపదమును కలిపి, బేస్-64 అను లిపిలోనికి మార్చి పంపును. ఇది గూఢలిపి కాదు, వట్టి లిప్యంతరీకరణము. ఆ పత్రములో ఉదాహరణకు ఇచ్చిన పేరు అలాదీను. సంకేతపదమేమో అలీబాబా కథలో గుహ తలుపు తెరచు మంత్రము! కథలు కలిసిపోయినను ఉదాహరణ మాత్రము తగినదే. అలీబాబాకు ఆ మంత్రమెట్లు తెలిసినది? దొంగలు గుహ ముందర నిలిచి పైకి పలుకగా చెట్టుపైనుండి వినెను. బేసిక్ పద్ధతిలోని చిక్కు కూడ సరిగా అదియే.

ఇంకొక చిక్కు మతిమరుపు. హెచ్.టి.టి.పి. ఒక్కొక్క అభ్యర్థనను కొత్తదానివలె చూచును. ఒక క్షణము క్రిందట వచ్చినవాడెవరో సర్వరునకు జ్ఞాపకముండదు. 1994 లో నెట్‌స్కేపు సంస్థలో లూ మాంటుల్లి దీనికి కుకీ అను ఉపాయము కనిపెట్టెను. సర్వరు ఒక చీటీ ఇచ్చును. బ్రౌజరు ప్రతి రాకపోకకును ఆ చీటీ చూపును. ఇపుడు సంకేతపదము మాటిమాటికి చెప్పనక్కరలేదు. కాని చీటీ దొరికినవాడే యజమానియగును! 1995 లో నెట్‌స్కేపు సంస్థయే ఎస్.ఎస్.ఎల్. అను రక్షిత మార్గమును వెలువరించెను. దారి పొడవున అక్షరములన్నియు గూఢలిపిలో నడచును. 1999 లో ఇది టి.ఎల్.ఎస్. అను పేరుతో ప్రమాణీకరింపబడెను.

ఔషధము ఉన్నను అందరును వాడలేదు. సంకేతపదము అడుగు పుటకు మాత్రమే రక్షిత మార్గము వాడి, తరువాతి పుటలన్నియు బహిరంగముగా పంపు వెబ్ స్థలములు చాలకాలము ఉండెను. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అను ప్రోగ్రామరు ‘ఫైర్‌షీప్’ అను చిన్న సాధనమును బహిరంగముగా విడుదల చేసెను. తాళము లేని వై-ఫై ఉన్నచోట కూర్చుండి ఇతరుల కుకీ చీటీలను ఒక్క నొక్కుతో అపహరింపవచ్చునని అది అందరికిని ప్రత్యక్షముగా చూపినది. పెద్ద సంస్థలు మెల్లగా మేల్కొన్నవి. 2015 డిసెంబరులో ‘లెట్స్ ఎన్‌క్రిప్ట్’ అను సంస్థ రక్షిత మార్గమునకు కావలసిన ధ్రువపత్రములను ఎవరికైనను ఉచితముగా ఇయ్యసాగెను. అప్పటినుండి చిన్న పాఠశాల వెబ్ స్థలమునకు కూడ ఖర్చు అన్న సాకు లేదు.

పైథాను గుమాస్తా

పైథాను భాషకు కర్త గైడో వాన్ రాసమ్. నెదర్లాండ్సులోని ఆంస్టర్‌డాం నగరమున సి.డబ్ల్యు.ఐ. అను గణిత పరిశోధన సంస్థలో పనిచేయుచు 1989 డిసెంబరు సెలవులలో ఈ భాషను మొదలుపెట్టి, 1991 ఫిబ్రవరిలో లోకమునకు విడుదల చేసెను. ఈ పేరు కొండచిలువను బట్టి వచ్చినది కాదు. ‘మాంటీ పైథాన్’ అను బ్రిటిషు హాస్య ప్రదర్శనను బట్టి వచ్చినది.

మొదట పైథాను ప్రోగ్రాములు సి.జి.ఐ. ద్వారానే వెబ్బులో పనిచేసినవి. ఇందు ఒక లోపము కలదు. ప్రతి అభ్యర్థనకును ప్రోగ్రామును మొదటినుండి పుట్టించి, పని కాగానే చంపవలెను. ఒక్కొక్క ఉత్తరమునకు ఒక్కొక్క గుమాస్తాను కొత్తగా నియమించి, ఉత్తరము వ్రాయగానే ఉద్యోగమునుండి తొలగించుట వంటిది ఇది. రాకపోకలు పెరిగిన కొలదిని ఇది గిట్టుబాటు కాలేదు. పైథానును అపాచి సర్వరులోనే ఇమిడ్చి నడుపు ‘మాడ్ పైథాన్’ వంటి సాధనములు వచ్చినవి. కాని ఒక సర్వరునకు కుదిరిన ప్రోగ్రాము వేరొక సర్వరునకు కుదరకుండెను.

2003 డిసెంబరులో ఫిలిప్ జె. ఈబీ అను ప్రోగ్రామరు ఈ గందరగోళమునకు ముగింపు పలుకు ఒడంబడికను ప్రతిపాదించెను. దాని పేరు డబ్ల్యు.ఎస్.జి.ఐ. దాని సారము మిక్కిలి చిన్నది. అప్లికేషను ఒక ప్రమేయము. దానికి సర్వరు రెండు వస్తువులిచ్చును: ఒకటి అభ్యర్థన వివరముల పట్టిక, రెండవది ప్రత్యుత్తరమును ప్రారంభించుటకు పిలువవలసిన మరొక ప్రమేయము. అప్లికేషను పుటలోని అక్షరములను తిరిగి ఇచ్చును. సి.జి.ఐ. నాటి చరరాశుల పేర్లే ఈ పట్టికలోను కొనసాగినవి; ‘రిమోట్ యూజర్’ కూడ ఉన్నది. పైథాను 3 వ తరమునకు తగినట్లు ఈ ఒడంబడిక 2010 లో సవరింపబడెను. సి.జి.ఐ. కొరకు పైథానులో ఉండిన పాత విభాగము 2024 లో వెలువడిన 3.13 ప్రతినుండి తొలగింపబడెను.

ఆ 2003 లోనే అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమందు లారెన్సు అను ఊరిలో ఒక వార్తాపత్రిక కార్యాలయమున ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ అను ఇద్దరు జాంగో అను చట్రమునకు నాంది పలికిరి. గంటలలో వార్తాపుటలు సిద్ధము కావలసిన తొందరలో పుట్టిన సాధనమది. 2005 జులైలో అందరికి విడుదలైనది. ఆర్మిన్ రోనాకర్ రచించిన ఫ్లాస్కు అను చిన్న చట్రము 2010 లో వచ్చినది. జాంగోలో వినియోగదారుల పట్టిక, ముద్రలు, కుకీ చీటీల ఏర్పాటు మొదలైనవన్నియు సిద్ధముగా లభించును. అనగా వాకిట కావలివాడు చేసిన పనిని ఇపుడు గుమాస్తా తానే చేయసాగెను.

ముందు వాకిలి, దొంగ సాక్ష్యము

గుమాస్తా అంత సమర్థుడైనప్పుడు వాకిట వేరొక సర్వరు ఎందులకు? 1999 లో డాన్ కెగెల్ అను ప్రోగ్రామరు ఒక ప్రశ్న వేసెను: ఒక సర్వరు ఏకకాలమున 10,000 మందికి ఎట్లు సేవ చేయగలదు? నెమ్మదైన తీగపై ఒక్కొక్క అక్షరమే పంపు బ్రౌజరు కొరకు ఒక గుమాస్తా ఊరక కూర్చుండవలసి వచ్చినచో, కొలదిమంది రాగానే గుమాస్తాలందరును చిక్కుపడుదురు. రష్యాకు చెందిన ఇగోర్ సిసోయెవ్ దీనికి సమాధానముగా ఒక సర్వరు రచించి 2004 లో విడుదల చేసెను. దానిని ‘ఇంజిన్-ఎక్స్’ అని పలుకుదురు. ఒక్కొక్కరి కొరకు నిలిచియుండక, ఎవరి అక్షరములు వచ్చినప్పుడు వారివి అందుకొనుచు ఒకే కావలివాడు వేలమందిని సంబాళించును.

ఈనాటి సామాన్యమైన ఏర్పాటు ఇది. ముందు ఇంజిన్-ఎక్స్ గాని అపాచి గాని ఉండును. ఇది రక్షిత మార్గమును నిర్వహించును. బొమ్మలు మొదలైన మారని వస్తువులను తానే ఇచ్చివేయును. మిగిలిన అభ్యర్థనలను పూర్తిగా అందుకొన్న పిదప లోపలికి పంపును. లోపల గునికార్న్ వంటి డబ్ల్యు.ఎస్.జి.ఐ. సర్వరు నాలుగైదు గుమాస్తా ప్రక్రియలను సిద్ధముగా నడుపుచుండును. ముందున్నదానికి రివర్సు ప్రాక్సీ అని పేరు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన అపాయము పుట్టినది. గుమాస్తాకు ఇపుడు బయటివారెవరును నేరుగా కనబడరు. వచ్చు ప్రతి అభ్యర్థనయు ముందు సర్వరు చేతినుండియే వచ్చును. వచ్చినవాని చిరునామా, పేరు మొదలగునవి ముందు సర్వరు ఒక శీర్షికలో వ్రాసి పంపవలెను. కాని శీర్షికలు వ్రాయు శక్తి బయటివానికి కూడ కలదు! "నేను ప్రధానోపాధ్యాయుడను" అని బయటివాడే శీర్షిక వ్రాసి పంపగా, ముందు సర్వరు దానిని తుడిచివేయక లోనికి పంపినచో, గుమాస్తా దానిని కావలివాని సాక్ష్యముగా భావించును. తలుపునకు మంచి తాళమున్నది. కాని దొంగ కావలివాని గొంతుతో లోపలికి కేక వేసినాడన్న మాట.

2015 జనవరిలో బయటపడిన ఒక లోపము దీనికి చక్కని ఉదాహరణము. డబ్ల్యు.ఎస్.జి.ఐ. పట్టికలో శీర్షికల పేర్లు వ్రాయునప్పుడు అడ్డుగీతలు క్రిందిగీతలుగా మారును. అందువలన అడ్డుగీతతో వ్రాసిన పేరును, క్రిందిగీతతో వ్రాసిన పేరును లోపలికి వచ్చుసరికి ఒక్కటియగును. ముందు సర్వరు అడ్డుగీత పేరును మాత్రమే తుడిచినచో, దొంగ క్రిందిగీత పేరుతో పంపి నెగ్గవచ్చును. ఇంజిన్-ఎక్స్, అపాచి 2.4 సర్వరులు అప్పటికే క్రిందిగీత పేర్లను సహజముగనే పారవేయుచుండెను. జాంగో అభివృద్ధి సర్వరు కూడ ఆ నెలలోనే ఆ నియమమును అవలంబించెను. ఒక చిన్న గీత ఎంత పని చేయునో చూడుడు!

కావున నియమములు రెండు. గుమాస్తా తన యంత్రము లోపలి చిరునామాపై మాత్రమే వినవలెను. బయటివాడు కావలివానిని దాటి నేరుగా వాని యొద్దకు రాకూడదు. కావలివాడు పేరు చెప్పు శీర్షికను వచ్చినది వచ్చినట్లు పంపక, ముందు తుడిచి, పిదప తానే వ్రాయవలెను. మొదటిది మరచినచో రెండవది నిష్ప్రయోజనము.

నెమ్మది యొక్క విలువ

ఇక పట్టిక మాటకు మరల వత్తము. మోరిస్, థాంప్సన్ చెప్పి ముప్పది యేండ్లయిన తరువాత కూడ ఆ పాఠము అందరికి ఒంటబట్టలేదు. 2009 డిసెంబరులో రాక్‌యూ అను సంస్థనుండి సుమారు 3 కోట్ల 20 లక్షల సంకేతపదములు పోయినవి. అవి 1962 నాటి పట్టికవలెనే తెరచియున్న భాషలో ఉండెను. వానిలో అన్నిటికన్న ఎక్కువమంది వాడిన సంకేతపదము ఒకటి నుండి ఆరు వరకు వరుస అంకెలు. 2012 లో లింక్డిన్ సంస్థకు చెందిన 65 లక్షల ముద్రలు బయటపడినవి. అవి ముద్రలే గాని ఉప్పు లేనివి.

యంత్రముల వేగము పెరిగిన కొలదిని నెమ్మదిని కూడ పెంచవలెను. 1999 లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మజియేర్ ఈ సూత్రముపై బిక్రిప్ట్ అను ముద్రపద్ధతిని ప్రకటించిరి. నెమ్మదిని నిర్ణయించు సంఖ్యను కాలానుగుణముగా పెంచుకొనవచ్చును. జాంగో 2012 లో పి.బి.కె.డి.ఎఫ్.2 అను పద్ధతి చేపట్టి, ప్రతి సంకేతపదమును 10,000 మారులు త్రిప్పి ముద్ర కట్టెను. 2025 లో వచ్చిన 5.2 ప్రతిలో ఈ సంఖ్య 10,00,000.

దీని ఫలితమును విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును. ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరముల పదములు 26 ను ఎనిమిది మారులు గుణింపగా సుమారు 20,883 కోట్లు. సెకనుకు 100 కోట్ల ముద్రలు కట్టగల యంత్రమునకు ఇది 209 సెకనుల పని, అనగా మూడున్నర నిమిషములు. ఒక్కొక్క ముద్రకు సెకనులో పదవ వంతు పట్టినచో అదే పనికి దాదాపు 660 ఏండ్లు పట్టును. సరియైన యజమానికి సెకనులో పదవ వంతు ఆలస్యము తెలియనే తెలియదు. ఐతే నిఘంటువులో దొరకు పదమునకు ఈ లెక్క వర్తింపదు. దొంగ మొదట ప్రయత్నించునవి అవియే గనుక, బలహీనమైన పదమును ఎంత నెమ్మదియు కాపాడలేదు.

ఎంత తక్కువ తెలిసిన అంత మేలు

ఈ చరిత్ర మొత్తమును ఒక్క సూత్రమున గ్రుచ్చవచ్చును. 1961 నాటి యంత్రమునకు అందరి రహస్యములును తెలియును. కేంబ్రిడ్జి యంత్రమునకు ముద్రలు మాత్రమే తెలియును. యూనిక్సునకు ఇద్దరి రహస్యము ఒక్కటేనా అన్న సంగతి కూడ సులభముగా తెలియదు. సి.జి.ఐ. గుమాస్తాకు పేరు మాత్రమే తెలియును. 2019 మార్చిలో ప్రమాణముగా అంగీకరింపబడిన వెబ్ ఆథన్ పద్ధతిలో సర్వరు యొద్ద రహస్యమే ఉండదు. రహస్యపు తాళపుచెవి వినియోగదారుని సెల్‌ఫోనులోనో, కంప్యూటరులోనో ఉండును. సర్వరు యొద్ద దానికి జతయైన బహిరంగపు తాళపుచెవి మాత్రమే ఉండును. సర్వరు ప్రతిసారియు ఒక కొత్త ప్రశ్న పంపును. రహస్యపు తాళపుచెవి గలవాడు మాత్రమే దానిపై సరియైన సంతకము చేయగలడు. పట్టికను మొత్తము దొంగిలించినను దానితో లోనికి ప్రవేశించుట కుదరదు. అడుగడుగునకు సర్వరునకు తెలిసినది తగ్గుచు వచ్చినది. భద్రత పెరుగుచు వచ్చినది.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో చెప్పునప్పుడు రెండు ప్రశ్నలు పిల్లల ముందుంచవచ్చును. మీరు మరచిపోయిన సంకేతపదమును ఒక వెబ్ స్థలము ఉన్నది ఉన్నట్లుగా మీకు తిరిగి పంపినచో, వారి పట్టిక ఎట్టిది? మీ పాఠశాల వెబ్ అప్లికేషనుకు ముందు సర్వరును దాటి నేరుగా పోవు దారి ఏదైనను ఉన్నదా? మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పగల విద్యార్థికి 1962 నాటి పాఠము వచ్చినట్లే. రెండవదానిని అడుగుట నేర్చినవాడు రేపు అట్టి సర్వరును నిలుపుటకు అర్హుడగును.